విశ్వనాథుని ఊరిలో అద్దెవాసం

కాశీకి వెళ్లి రావడం వేరు, కాశీలో ఉండి రావడం వేరు. ఉదయం గంగలో మునిగి, విశ్వేశ్వరుని దర్శించి, సాయంత్రం బండికి తిరిగి వస్తే అది యాత్ర. పెద్దలు విధించినది క్షేత్రవాసం. తల్లి గర్భంలో గడిపిన తొమ్మిది నెలలకు గుర్తుగా తొమ్మిది రాత్రులు కాశీలో నిద్ర చేయాలన్న నియమాన్ని ఎన్నో తెలుగు కుటుంబాలు నేటికీ పాటిస్తున్నాయి. మరి ఆ తొమ్మిది రాత్రులు తలదాచుకునే ఇంట్లో ఎలా మెలగాలన్నది మీరు ఎప్పుడైనా ఆలోచించారా?

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుంచి కాశీయాత్రకు బయలుదేరి, తిరిగి ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు దాటింది. నేడు ప్రయాణం గంటలకు తగ్గింది. విచిత్రంగా బస కూడా దానితోపాటే తగ్గిపోయింది. అయినా నిలకడగా ఉండదలచినవారికి మానససరోవర ఘట్టం దగ్గరి శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం వంటి నెలవులు ఉన్నాయి. అక్కడ చోటు దొరకనివారికి కేదారఘట్టం, హనుమాన్ ఘట్టం పరిసరాల్లోని పాత ఇళ్లలో అద్దె వాటాలు లభిస్తున్నాయి. దక్షిణాదివారు తరతరాలుగా స్థిరపడిన ఆ సందుల్లో మన మాట కూడా చెవిన పడుతుంది.

పాత ఇంటి తీరు

గొదౌలియా కూడలి దాటి సందుల్లోకి మళ్లిన తరువాత బండ్లను నమ్ముకోకండి. మీ సామాను మీరే మోయాలి. కనుక బరువు తగ్గించుకుని వెళ్లడం మేలు. మన మండువా లోగిళ్లవలె ఆ ఇళ్లకు నడుమ ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ గదులు ఉంటాయి. మందపాటి రాతి గోడలు ఎండ తాపాన్ని లోనికి రానీయవు. మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తీసుకువెళితే కింది అంతస్తులోని వాటానే అడగండి. కోతుల బెడద ఉన్నందున మేడపై ఆరవేసిన బట్టలను కనిపెట్టుకుని ఉండాలి. శ్రావణ భాద్రపదాల్లో గంగ పొంగితే ఘట్టాల మెట్లు మునిగిపోతాయి. ఆ రోజుల్లో వెళ్లదలచినవారు ముందుగా విచారించుకోవాలి.

ఒక చిన్న గది, ఒక పొయ్యి, నాలుగు గిన్నెలు. వండిన అన్నం అన్నపూర్ణకు నివేదించి తినడానికి ఇంతకు మించి ఏమి కావాలి?

ఇల్లే గుడి

కాశీలో ఇంటికీ గుడికీ నడుమ గీత గీయడం కష్టం. విశ్వనాథ ఆలయ ప్రాంగణాన్ని గంగ వరకు విస్తరించి 2021 డిసెంబరు 13న ప్రారంభించారు. అందుకోసం 300కు పైగా కట్టడాలను సేకరించి తొలగించినప్పుడు, ఇళ్ల గోడల మధ్య ఒదిగిపోయిన 40కి పైగా పాత ఆలయాలు బయటపడ్డాయి. విశాలమైన ఆ దారిలో నేడు సులువుగా దర్శనం చేసుకుంటున్న మనం, అక్కడ కాపురాలు చేసి ఇళ్లు వదిలి వెళ్లిన గృహస్థులను కూడా ఒకసారి తలచుకోవాలి. మిగిలిన పాత ఇళ్లలో అద్దెకు దిగేటప్పుడు, వెల చెల్లించాం కదా అని కాక, ఒక దేవతాస్థానంలో అడుగుపెడుతున్నామన్న ఎరుకతో గడప దాటాలి.

వ్యాసుడు నేర్పిన పాఠం

శ్రీనాథ మహాకవి భీమేశ్వర పురాణంలో ఈ సందర్భానికి తగిన కథ ఉంది. శిష్యులతో కాశీలో ఉన్న వ్యాసునికి విశ్వేశ్వరుని పరీక్ష వల్ల భిక్ష దొరకలేదు. ఆకలి కోపమైంది. ఆ మహర్షి ఊరినే శపించబోయాడు. అప్పుడు జగన్మాత సామాన్య గృహిణి రూపంలో పిలిచి, మందలించి, శిష్యులతో సహా కడుపునిండా భోజనం పెట్టింది. కాని విశ్వేశ్వరుడు ఆయనను కాశీ విడిచి పొమ్మన్నాడు. వేదాలను విభజించినవానికే ఆ ఊరిలో చోటు పోయింది. కారణం అజ్ఞానం కాదు, అతిథిగా ఉన్న ఊరిపై ఆగ్రహం. అక్కడి నుంచి ఆయన వచ్చింది మన దక్షారామానికే.

మనకూ ఆ పరీక్ష తప్పదు. కుళాయి నీరు సన్నగా వస్తుంది. కరెంటు పోతుంది. సందులో ఆవు అడ్డం నిలుస్తుంది. నోటి చివరిదాకా వచ్చే విసుగును అక్కడే ఆపుకోవడం క్షేత్రవాసంలో మొదటి నియమం. తెల్లవారుజామున మంగళహారతికి వెళ్లదలిస్తే ముందు రాత్రే ఇంటివారికి చెప్పండి. వారి నిద్ర చెడగొట్టి సంపాదించే దర్శన పుణ్యం ఎంతటిది? చెత్తను సందులోకో గంగలోకో విసరకండి. ఇతర చోట్ల చేసిన పాపం కాశీలో నశిస్తుందనీ, కాశీలో చేసినది వజ్రలేపమై అంటుకుంటుందనీ పెద్దలు హెచ్చరించారు.

రాత్రివేళ మీ కిటికీ కింది నుంచి రామనామంతో ఒక పాడె మణికర్ణికకో హరిశ్చంద్ర ఘట్టానికో సాగిపోవచ్చు. భయపడి కిటికీ మూయకండి. లేచి నమస్కరించండి. పిల్లలు అడిగితే దాచకుండా చెప్పండి. మనం ఉంటున్న ఈ శరీరమూ అద్దె ఇల్లేనని గ్రంథాలు ఎన్ని చెప్పినా తలకెక్కనిది, ఆ రాత్రి ఆ గదిలో అర్థమవుతుంది.

కాశీకి యజమాని విశ్వనాథుడు, వంటింటి తల్లి అన్నపూర్ణ, కాపలాదారు కాలభైరవుడు. తక్కిన వారందరం అద్దెకున్నవారమే. పదో నాడు తాళంచెవి ఇచ్చేముందు గది ఊడ్చి, దీపం వెలిగించి, ఇంటివారికి చేతులెత్తి నమస్కరించి రండి. తొమ్మిది నిద్రల వ్రతానికి అదే ఉద్యాపన.