రచనా ప్రతిష్టంభన

రచనా ప్రతిష్టంభన లేదా రైటర్స్ బ్లాక్ అనగా వ్రాసే సామర్థ్యం, వ్రాయాలన్న కోరిక రెండూ ఉన్నప్పటికీ కొత్తగా ఏమీ వ్రాయలేకపోవడం, లేదా మొదలుపెట్టిన రచనను పూర్తి చేయలేకపోవడం. ఇది కొన్ని గంటలు మాత్రమే ఉండవచ్చు, దశాబ్దాల పాటు కొనసాగవచ్చు. కవులకు, నవలాకారులకే కాక పరిశోధకులకు, విద్యార్థులకు కూడా ఇది ఎదురవుతుంది. ఇది బద్ధకం కాదు. బద్ధకస్తుడు పని మానుకొని నిశ్చింతగా ఉంటాడు. ప్రతిష్టంభనకు లోనైన వ్యక్తి వ్రాయలేకపోతున్నందుకు బాధపడుతూ ఉంటాడు.

పేరు, చరిత్ర

ఆస్ట్రియా నుండి అమెరికాకు వలస వెళ్ళిన మనోవిశ్లేషకుడు ఎడ్మండ్ బెర్గ్లర్ 1947లో ఈ పేరును వాడుకలోకి తెచ్చాడు. దీని మూలాలు శైశవ దశలో ఉన్నాయని ఆయన భావించాడు. తరువాతి పరిశోధకులు ఎక్కువగా వ్రాసే అలవాట్లపై దృష్టి పెట్టారు.

పేరు కొత్తదైనా సమస్య పాతదే. ఆంగ్ల కవి శామ్యూల్ టేలర్ కోలరిడ్జ్ 1804లో, తన 32వ పుట్టినరోజు సందర్భంగా, సంవత్సరమంతా దాదాపు వృథాగా గడిచిపోయిందని తన నోటుపుస్తకంలో వాపోయాడు.

ప్రసిద్ధ ఉదాహరణలు

* జోసెఫ్ మిచెల్: ది న్యూయార్కర్ పత్రిక రచయిత. 1964లో "జో గౌల్డ్స్ సీక్రెట్" వెలువడిన తరువాత, 1996లో మరణించే వరకు, కార్యాలయానికి వస్తూనే ఉన్నా ఆ పత్రికలో చెప్పుకోదగ్గ రచన మరొకటి ప్రచురించలేదు.
* రాల్ఫ్ ఎలిసన్: 1952లో "ఇన్విజిబుల్ మ్యాన్" నవలతో ప్రఖ్యాతి పొందాడు. రెండవ నవల కోసం సుమారు 40 ఏళ్ళు శ్రమించి వేల పుటలు వ్రాసినా, 1994లో మరణించే నాటికి అది పూర్తి కాలేదు. ప్రతిష్టంభన అంటే ఖాళీ కాగితం మాత్రమే కాదని ఇది తెలుపుతుంది.
* డెన్నిస్ అప్పర్: 1974లో ఈ మనస్తత్వ శాస్త్రవేత్త తన ప్రతిష్టంభనకు తానే చేసుకున్న చికిత్స విఫలమైందన్న శీర్షికతో ఒక శాస్త్ర పత్రికలో వ్యాసం ప్రచురించాడు. శీర్షిక క్రింద వ్యాసమంతా ఖాళీయే.

కారణాలు

విమర్శ భయం, అలసట, విషయ పరిజ్ఞానం చాలకపోవడం సాధారణ కారణాలు. వీటికి తోడు, పాటించే నియమాలే అడ్డుగోడలు కాగలవని అమెరికా విద్యావేత్త మైక్ రోజ్ 1980లో చూపాడు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆయన 10 మంది విద్యార్థులను పరిశీలించాడు. వారిలో సగం మంది ప్రతిష్టంభన గలవారు. వారికి తెలివితేటలు తక్కువేమీ కాదు. కాని మొదటి పేరాయే పాఠకుని ఆకట్టుకోవాలి, ప్రతి వాక్యం తొలిసారే నిర్దోషంగా ఉండాలి వంటి నియమాలను సడలించలేకపోయారు. మిగిలిన వారికీ నియమాలున్నాయి, కాని అవసరమైతే వాటిని వదిలివేసేవారు.

మన పాఠశాలలలో నేర్పే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అనే క్రమాన్ని కూడా ఇలాగే చూడవచ్చు. అది చదివేవారి సౌకర్యం కోసం ఏర్పడిన క్రమం. వ్రాయడం కూడా అదే వరుసలో సాగాలనుకున్న విద్యార్థి ఉపోద్ఘాతం వద్దనే ఆగిపోతాడు.

అధిగమించే మార్గాలు

మంచి ఊహ తట్టే వరకు వేచి ఉండాలన్నది సాధారణంగా వినిపించే సలహా. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ బాయిస్ 1983లో ప్రచురించిన ప్రయోగ ఫలితాలు దీనికి విరుద్ధంగా ఉన్నాయి. ఆయన 27 మంది విశ్వవిద్యాలయ అధ్యాపకులను మూడు బృందాలుగా చేశాడు. మొదటి బృందం అత్యవసరమైతే తప్ప వ్రాయకూడదు. రెండవది మనసు పుట్టినప్పుడు వ్రాయవచ్చు. మూడవది నిర్ణీత వేళకు తప్పనిసరిగా వ్రాయాలి. మూడవ బృందమే అందరికన్నా ఎక్కువ వ్రాసింది, కొత్త ఊహలు కూడా దానికే ఎక్కువగా తట్టాయి. అనగా ఊహ వచ్చాక వ్రాయడం కన్నా, వ్రాస్తూ ఉంటే ఊహ రావడమే ఎక్కువ.

ఆచరణలో ఉన్న కొన్ని పద్ధతులు:

* నిర్ణీత వేళ: ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ గడియారం ఎదుట పెట్టుకొని ప్రతి 15 నిమిషాలకు 250 పదాలు వ్రాసేవాడు.
* స్వేచ్ఛా రచన: తప్పొప్పులు చూడకుండా, చేయి ఆపకుండా 10 నిమిషాల పాటు వ్రాయడం. పీటర్ ఎల్బో 1973లో ప్రచురించిన పుస్తకంతో ఇది ప్రచారం పొందింది.
* తరువాతి ఘట్టం తెలిసినప్పుడే ఆపడం: ఎర్నెస్ట్ హెమింగ్వే పాటించిన పద్ధతి. మరునాడు ఎక్కడ మొదలుపెట్టాలన్న చిక్కు ఉండదు.
* తెలిసిన చోటి నుండి మొదలుపెట్టడం: ఉపోద్ఘాతాన్ని చివరకు వదిలి, బాగా తెలిసిన భాగాన్ని ముందుగా వ్రాయడం.

వ్రాయలేకపోవడంతో పాటు నిద్రలేమి, అన్ని పనులపై అనాసక్తి వారాల తరబడి ఉంటే అది మానసిక కుంగుబాటు కావచ్చు. అటువంటప్పుడు పై పద్ధతులతో సరిపెట్టుకోక వైద్యుని సంప్రదించాలి.