పండితుడి మౌనం

ధర్మాన్ని వ్యాఖ్యానించే పండితుడి మాటకు బరువెక్కువ. అన్యాయం ఎదుట అతని మౌనం సమ్మతిగానే చెల్లుతుంది. ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో ఆ మౌనాన్ని వీడినవారిలో సుందర్‌లాల్ శర్మ (1881–1940) ముఖ్యులు. రాజిం దగ్గరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఈ కవి, అంటరానివారుగా ముద్రపడ్డ సత్నామీలకు జంధ్యాలు వేయించారు. 1925లో దళితులతో రాజింలోని రాజీవలోచన ఆలయ ప్రవేశానికి పూనుకున్నారు. సొంత కులంవారి ఆగ్రహం తప్పలేదు. 1933లో ఛత్తీస్‌గఢ్‌కు వచ్చిన గాంధీ ఆయన కృషిని మెచ్చుకున్నారు.

అయితే జంధ్యం గౌరవాన్ని పంచిందే గానీ, ఆ గౌరవానికి జంధ్యమే ఎందుకు కొలమానం కావాలని అడగలేదు. ఆ ప్రశ్న వేసింది పండితుడు కాదు. 1756లో గిరౌద్‌పురిలో చర్మకార కులంలో పుట్టిన గురు ఘాసీదాస్, విగ్రహారాధననూ కులభేదాన్నీ ఒకేసారి తోసిపుచ్చి, సత్నామీలు అనుసరించే సత్నామ్ పంథాను నెలకొల్పారు.