Craft Beer: అక్టోబర్ వచ్చిందంటే అమెరికాలో బేస్‌బాల్, క్రాఫ్ట్ బీర్.. మనోళ్ల స్టేటస్‌ల వెనక అసలు కథ ఇదీ!

నరసరావుపేట: ఉదయం ఆరు గంటలకు టీ తాగుతూ ఫోన్ తీస్తే కొడుకు పెట్టిన వాట్సాప్ స్టేటస్. నలుగురు కుర్రాళ్లు, వెనక పెద్ద టీవీలో ఏదో ఆట, చెక్క పలక మీద నాలుగు చిన్న గ్లాసులు. ఒక గ్లాసులో తేనె రంగు, ఇంకో దాంట్లో మామిడి రసంలా మబ్బుగా, మరోదాంట్లో నల్లగా డికాషన్‌లా. 'ఏంట్రా అది?' అని అడిగితే 'జ్యూస్ నాన్నా' అని రిప్లై. నాన్న నమ్మినట్టు నటిస్తారు. పల్నాడులో ఎంఎస్‌కి పిల్లల్ని పంపిన చాలా ఇళ్లలో అక్టోబర్ నెలలో జరిగే సీన్ ఇది.

ఆ గ్లాసుల్లో ఉన్నది జ్యూస్ కాదు, క్రాఫ్ట్ బీర్. టీవీలో ఉన్నది బేస్‌బాల్. ఈ రెండూ ఈ నెలలోనే ఎందుకు కలుస్తాయి? అసలు క్రాఫ్ట్ బీర్ అంటే ఏంటి? అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ గ్లాసు తర్వాత కారు తాళం పట్టుకుంటే ఏమవుతుంది? ఇది మాత్రం తల్లిదండ్రులు, పిల్లలు ఇద్దరూ తెలుసుకోవాల్సిందే.

అసలు క్రాఫ్ట్ బీర్ అంటే ఏంటి?

మాచర్లలో అయినా గురజాలలో అయినా బీర్ అంటే మనకు తెలిసింది ఒక్కటే. 650 ఎంఎల్ సీసా, చల్లగా ఉండాలి, 'స్ట్రాంగ్' అయి ఉండాలి. రుచి గురించి ఎవరూ అడగరు. కంపెనీ ఏదైనా దాదాపు ఒకేలా ఉంటుంది. దీన్ని లాగర్ అంటారు. తక్కువ ఉష్ణోగ్రతలో నెమ్మదిగా పులియబెట్టి, వడకట్టి, సీసాల్లో నింపి ఊరూరా పంపే రకం.

క్రాఫ్ట్ బీర్ దీనికి రివర్స్. చిన్న తయారీదారు, తక్కువ సరుకు, ఎక్కువ రకాలు. చాలాచోట్ల వెనక గదిలో తయారు చేసి ముందు గదిలో అమ్ముతారు. అమెరికాలో బ్రూవర్స్ అసోసియేషన్ అనే సంఘం దీనికో లెక్క పెట్టింది. ఏడాదికి 60 లక్షల బ్యారెళ్లకు మించకూడదు, పెద్ద మద్యం కంపెనీకి అందులో 25 శాతం కంటే తక్కువ వాటానే ఉండాలి. 60 లక్షల బ్యారెళ్లు 'చిన్న' ఎలా అవుతుందో వాళ్లకే తెలియాలి గానీ, మెజారిటీ మాత్రం నిజంగా చిన్నవే.

1970ల చివర్లో అమెరికా మొత్తం మీద బీర్ తయారీ కంపెనీలు వంద లోపే. ఎక్కువగా పెద్దవే, చాలావాటిది దాదాపు ఒకే రుచి. 1976లో కాలిఫోర్నియా సోనోమాలో జాక్ మెకాలిఫ్ అనే ఆయన న్యూ ఆల్బియన్ పేరుతో చిన్న బ్రూవరీ పెట్టారు. కొన్నేళ్లకే మూతపడింది. కానీ దారి చూపించింది. 1978 అక్టోబర్‌లో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఇంట్లో సొంతానికి బీర్ కాచుకోవచ్చని చట్టం మీద సంతకం పెట్టారు. ఇళ్లల్లో గిన్నెలతో మొదలైన వాళ్లే తర్వాత షెడ్లు పెట్టారు. ఇప్పుడు అక్కడ బ్రూవరీలు 9 వేలకు పైనే.

మన కల్లుకి చుట్టమే!

నిజానికి క్రాఫ్ట్ బీర్ సంగతి మన తాతలకు చెబితే 'ఇందులో కొత్తేముంది' అంటారు. తాటి కల్లు అలాంటిదే కదా. ఏ చెట్టు కల్లు ఆ చెట్టుదే. పొద్దున లొట్టి దించినప్పుడు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులుస్తుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. గాలిలో, లొట్టిలో ఉన్న ఈస్ట్ తన పని తాను చేసుకుపోతుంది. ఊరు దాటించడం కష్టం. తాజాగా, దగ్గర్లో, తెలిసిన మనిషి దగ్గర తాగాలి. అమెరికా వాళ్లు ట్యాప్‌రూమ్‌లో పెద్ద బోర్డు మీద రాసుకునే మాటలూ ఇవే.

తేడా ఎక్కడంటే, అక్కడ గ్లాసులో ఏముందో, ఎంత శాతం ఆల్కహాల్ ఉందో చాలాచోట్ల బోర్డు మీదే కనిపిస్తుంది. మన దగ్గర కల్లుకి ఆ భరోసా పోయింది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. మత్తు కోసం నిద్రమాత్రల మందు కలపడం తెలుగు రాష్ట్రాల్లో ఎప్పటి నుంచో ఉన్న జబ్బు. మోకు కట్టుకుని చెట్టెక్కే గీత కార్మికుడు తెచ్చే అసలు కల్లు వేరు, డ్రమ్ముల్లో వచ్చే తెల్ల నీళ్లు వేరు.

ఇక పబ్బులో తయారు చేసి అక్కడే పోసే మైక్రోబ్రూవరీలకు తెలంగాణ 2015లో రూల్స్ తెచ్చింది. ఆ తర్వాతే హైదరాబాద్ పబ్బుల్లో రాగి రంగు ట్యాంకులు కనిపించడం మొదలైంది. మన పేట కుర్రాళ్లకు క్రాఫ్ట్ బీర్ మొదటి పరిచయం చాలావరకు అక్కడే, ఫస్ట్ జీతం వచ్చిన వీకెండ్‌లో.

అక్టోబరే ఎందుకు?

బీర్‌కి చేదు, వాసన ఇచ్చేది హాప్స్ అనే పువ్వు. కాకర తీగలా పందిరి ఎక్కే మొక్క, కాకపోతే రెండు నిలువుల కంటే ఎత్తు పెరుగుతుంది. అమెరికాలో పండే హాప్స్‌లో సుమారు ముప్పావు వంతు వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలోనే. సియాటెల్‌కి కారులో రెండున్నర గంటలు. కోత ఆగస్టు చివర్లో మొదలై సెప్టెంబర్ అంతా నడుస్తుంది. మామూలుగా పువ్వును కోయగానే ఎండబెట్టి, నొక్కి, బేళ్లు కడతారు. మన పత్తి బేళ్లలాగే. కానీ ఈ సీజన్‌లో మాత్రం కొందరు పచ్చి పువ్వునే లారీలో ఎక్కించి, ఒక్క రోజులోపు బీర్‌లో వేసేస్తారు. దాన్ని ఫ్రెష్ హాప్ బీర్ అంటారు. పచ్చిగడ్డి కోసినప్పుడు వచ్చే వాసన ఉంటుంది. సెప్టెంబర్, అక్టోబర్ దాటితే మళ్లీ ఏడాది దాకా దొరకదు. రెడ్‌మండ్, బెల్‌వ్యూలలో ఉన్న మనోళ్లు ఈ నెలలో ఎందుకు హడావుడి చేస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇంకో రకం జర్మనీ నుంచి వచ్చింది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఎండాకాలం బీర్ కాస్తే పాడైపోయేది. అందుకే మార్చిలో కాసి, చల్లటి నేలమాళిగల్లో దాచి, ఆకులు రాలే కాలంలో పీపాలు ఖాళీ చేసేవాళ్లు. మార్చిలో కాసేది కాబట్టి పేరు మెర్జెన్. 1810 అక్టోబర్‌లో బవేరియా యువరాజు లుడ్విగ్ పెళ్లికి మ్యూనిక్‌లో జనమందరికీ వేడుక చేశారు. అదే ఏటేటా సాగి అక్టోబర్‌ఫెస్ట్ అయింది. మన కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు ఎలాగో, వాళ్ల తిరునాళ్లకు బీర్ గ్లాసులు అలాగ.

గుమ్మడికాయ బీర్ కూడా ఈ నెలదే. దాల్చిన చెక్క, లవంగం, జాజికాయ వేస్తారు. గుమ్మడికాయని పులుసులో తప్ప ఊహించుకోలేని మనకి అది మింగుడు పడటం కష్టమే. ఈ రకం మీద నాకు పెద్ద గౌరవం లేదు.

ఇక మెనూలో ఎక్కువగా కనిపించే ఐపీఏలో 'ఐ' అంటే ఇండియా! ఈస్టిండియా కంపెనీ కాలంలో ఇంగ్లండ్ నుంచి నెలల తరబడి ఓడలో ఇక్కడికి పంపే బీర్‌లో పాడవకుండా హాప్స్ దండిగా వేసేవాళ్లు. అలా ఇండియా పేల్ ఏల్ అనే పేరు స్థిరపడింది. మన పేరు పెట్టుకున్న బీర్ మన జిల్లాలో ఎవరికీ తెలియకపోవడం విచిత్రమే.

బేస్‌బాల్‌తో లింకేంటి?

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 టీమ్‌లు. మార్చి చివర్లో మొదలై సెప్టెంబర్ చివరిదాకా ఒక్కో టీమ్ 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అవును, 162. ఐపీఎల్ లీగ్ దశలో ఒక టీమ్‌కి 14 మ్యాచ్‌లే కదా, లెక్క మీరే వేసుకోండి. అందులోంచి 12 టీమ్‌లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. అసలు వేడి అక్టోబర్‌లోనే. చివర్లో వరల్డ్ సిరీస్, ఏడు మ్యాచ్‌లలో ముందు నాలుగు గెలిచిన వాళ్లది కప్పు.

రూల్స్ చిక్కుగా ఉంటాయని భయపడక్కర్లేదు. ఓవర్లు లేవు, తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయి. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు టీమ్‌లూ బ్యాటింగ్ చేస్తాయి. ముగ్గురు ఔటైతే ఛాన్స్ అవతలి టీమ్‌కి. డ్రా అనేది లేదు, తేలేదాకా ఆడాల్సిందే. 2025 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ ఇలాగే 18 ఇన్నింగ్స్ సాగింది. మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున ఐదున్నర దాటాక మొదలై, మధ్యాహ్నం 12 దాటాక గానీ అవ్వలేదు. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్, టొరంటో బ్లూజేస్‌ల మధ్య జరిగిన ఆ సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి డాడ్జర్స్ గెలిచారు. అంతకుముందు రౌండ్‌లో అదే టొరంటో చేతిలో ఏడో మ్యాచ్‌లో సియాటెల్ మెరీనర్స్ ఓడిపోయారు. మెరీనర్స్ ఇంతవరకూ ఒక్కసారీ వరల్డ్ సిరీస్ ఆడలేదు. ఆ ఊళ్లో ఉండే తెలుగోళ్లను ఈ విషయం కదిలించకపోవడమే మంచిది.

అన్నట్టు, ఆ వరల్డ్ సిరీస్ మొదలవడానికి రెండు రోజుల ముందే ఇక్కడ కార్తీక మాసం మొదలైంది. ఇంట్లో నీసు బంద్, మందు బంద్. అక్కడ ఫుల్ సీజన్. తల్లులకు కోపం రావడంలో తప్పులేదు.

బంతికి బంతికి మధ్య గ్యాప్ ఎక్కువ ఉండే ఆట కావడంతో బీర్ దానితో పెనవేసుకుపోయింది. మిల్వాకీ టీమ్ పేరే 'బ్రూవర్స్', అంటే బీర్ కాసేవాళ్లు. డెన్వర్ గ్రౌండ్ పేరు కూర్స్ ఫీల్డ్, అది బీర్ కంపెనీ పేరే. బ్లూ మూన్ అనే బీర్ 1995లో పుట్టింది ఆ గ్రౌండ్‌లోని చిన్న బ్రూవరీలోనే. అయితే చాలా గ్రౌండ్‌లలో ఏడో ఇన్నింగ్స్ తర్వాత బీర్ అమ్మకం ఆపేస్తారు. ఇంటికి వెళ్లేలోపు కాస్త మత్తు దిగాలని. 2023లో ఆట వేగం పెంచే గడియారం రూల్ రావడంతో మ్యాచ్‌లు అరగంట వరకు తగ్గాయి. దీంతో కొన్ని టీమ్‌లు అమ్మకాన్ని ఎనిమిదో ఇన్నింగ్స్‌కి పొడిగించాయి. జనం త్వరగా ఇళ్లకు పోతుంటే తాగే టైమ్ పెంచడమేంటని అప్పట్లో విమర్శలు కూడా వచ్చాయి.

మనవాళ్లకు బేస్‌బాల్ పూర్తిగా పరాయిది కూడా కాదు. 2008లో ఓ టాలెంట్ పోటీలో గెలిచిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో సంతకం చేశారు. జావెలిన్ విసిరే వాళ్లు, బేస్‌బాల్ అంతకుముందు పట్టుకోనే లేదు. ఇక డల్లాస్ దగ్గర గ్రాండ్ ప్రెయిరీలో ఉన్న బేస్‌బాల్ స్టేడియాన్ని క్రికెట్ గ్రౌండ్‌గా మార్చేశారు. 2023 జులైలో మేజర్ లీగ్ క్రికెట్ మొదలైందీ, 2024 జూన్‌లో పాకిస్థాన్‌ని సూపర్ ఓవర్‌లో అమెరికా ఓడించిందీ అక్కడే.

అసలు డేంజర్ ఇక్కడే..

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. మన కుర్రాళ్లు చేసే మొదటి తప్పు గ్లాసు సైజు చూసి లెక్కేయడం. 'ఇంటి దగ్గర రెండు సీసాలు తాగేవాణ్ని, ఈ గ్లాసెంత' అనుకుంటారు. అమెరికాలో 'ఒక డ్రింక్' అంటే 14 గ్రాముల ఆల్కహాల్. 5 శాతం ఉన్న 355 ఎంఎల్ బీర్ అన్నమాట. పబ్బులో ఇచ్చే పింట్ గ్లాసు 473 ఎంఎల్. అందులో 8 శాతం ఉండే డబుల్ ఐపీఏ పోస్తే సుమారు 30 గ్రాములు. అంటే ఒక్క గ్లాసే రెండు డ్రింకులు. కొన్ని నల్లటి స్టౌట్‌లు 10 శాతం దాటతాయి. పైగా రుచి పళ్లరసంలా ఉంటుంది, ఎక్కుతున్నట్టు తెలీదు. శరీరం గంటకి సుమారు ఒక డ్రింకునే అరిగించుకోగలదు. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా, తల మీద చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం మారదు.

రెండో తప్పు చట్టం విషయంలో. మన దేశంలో డ్రంకెన్ డ్రైవ్ పరిమితి 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు. దొరికితే మొదటిసారి రూ.10 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పరిమితి 80 మిల్లీగ్రాములు, యూటాలో 50. 'ఇక్కడికంటే అక్కడే లూజు' అని కొందరు ధీమా పడతారు. కానీ పరిమితి లోపు ఉన్నా, బండి సరిగ్గా నడపలేకపోతున్నారని పోలీసుకి అనిపిస్తే అరెస్ట్ చేయొచ్చు. చాలా రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండనివాళ్లకు అసలు తాగడమే నేరం. ఏపీలోనూ వయసు పరిమితి 21 ఏళ్లే అనుకోండి, ఇక్కడ ఎవరు అడుగుతున్నారన్నది వేరే సంగతి.

అరెస్ట్ అయ్యాక కథ కోర్టుతో ఆగదు. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ రూల్ ప్రకారం, గత ఐదేళ్లలో మద్యం తాగి నడిపిన కేసులో అరెస్ట్ అయితే చాలు, వీసా రద్దు చేయొచ్చు. కోర్టులో నేరం రుజువు కావాల్సిన పనిలేదు. తర్వాత కేసు కొట్టేసినా రద్దయిన వీసా దానంతట అది తిరిగి రాదు. చాలామందికి ఈమెయిల్ వస్తుంది, అంతే.

అయితే ఒక విషయం క్లియర్‌గా అర్థం చేసుకోవాలి. వీసా రద్దయినంత మాత్రాన వెంటనే దేశం వదిలి వెళ్లాలని కాదు. వీసా అనేది లోపలికి వచ్చేందుకు పాస్ లాంటిది. కాలేజీలో చదువు సక్రమంగా సాగుతుంటే స్టేటస్ వేరుగా నడవొచ్చు. కానీ అక్క పెళ్లికో, తాతయ్య పోయారనో నరసరావుపేట వస్తే, తిరిగి వెళ్లాలంటే కొత్త వీసా కావాలి. దరఖాస్తులో అరెస్టయ్యారా అనే ప్రశ్న ఉంటుంది. కాన్సులేట్ చెప్పిన డాక్టర్ దగ్గర మద్యం అలవాటుపై పరీక్ష చేయించుకోమంటారు. ఈలోపు సెమిస్టర్ పోతుంది, ఉద్యోగం పోతుంది, ఇక్కడ పొలం మీద తెచ్చిన అప్పుకి వడ్డీ మాత్రం ఆగదు. అందుకే కొందరు ఇంట్లో చావుకి కూడా రాలేక అక్కడే ఉండిపోతారు.

2025 ఆగస్టులో అమెరికా విదేశాంగ శాఖ ఆ ఏడాది 6 వేలకు పైగా స్టూడెంట్ వీసాలు రద్దు చేసినట్టు ప్రకటించింది. కారణాల్లో గడువు మించి ఉండటం, దాడి, దొంగతనంతో పాటు తాగి బండి నడపడం కూడా ఉంది.

మరి ఏం చేయాలి?

తాగొద్దంటే వినరు, ఆ సంగతి మాకూ తెలుసు. ఆ స్టేటస్‌లో కనిపించిన నాలుగు చిన్న గ్లాసుల పలకని 'ఫ్లైట్' అంటారు. ఒక్కోదాంట్లో 120 నుంచి 150 ఎంఎల్. రకాలన్నీ రుచి చూడాలంటే పింట్‌ల బదులు ఇదే మేలు. నాలుగూ కలిపితే ఒక పింట్ కంటే కాస్త ఎక్కువన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. బోర్డు మీద పేరుకన్నా ముందు శాతం చూడాలి. వెళ్లేటప్పుడే క్యాబ్‌లో వెళితే కారు అక్కడ వదిలేయాలా అనే ఆలోచనే రాదు. గ్రూప్‌లో ఒకరు తాగకుండా ఉండి నడుపుతామంటే సరే, కానీ 'వీడు ఒక్కటే తాగాడు' అనే వాణ్ని ఆ లిస్టులో వేయకండి. సగం తాగిన క్యాన్ కారులో పెట్టుకోవడం కూడా చాలా రాష్ట్రాల్లో నేరమే. ఒకవేళ అరెస్ట్ అయితే ముందు లాయర్‌ని, తర్వాత కాలేజీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుని కలవాలి. వాళ్లను అడగకుండా ఇండియాకి టికెట్ మాత్రం బుక్ చేయొద్దు.

ఇక తల్లిదండ్రుల విషయానికొస్తే, ఈసారి 'జ్యూస్ నాన్నా' అని రిప్లై వచ్చినప్పుడు తిట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి. 'ఇంటికి ఎలా వెళ్తున్నావు రా?'