పల్లానికి పరుగు

అలిపిరి మెట్ల దారిలో కొండెక్కేవారు నాలుగు మెట్లకోసారి ఆగి రొప్పుతుంటారు. అదే దారిలో దిగేవారికి ఆయాసమే ఉండదు, కబుర్లు చెప్పుకుంటూ దిగేస్తారు. అయితే కిందికి వచ్చేసరికి మోకాళ్ళు వణుకుతాయి, వేసిన అడుగు వేసినచోట నిలవదు. ఒక రోజు గడిచాక తొడలు ఎంతగా పట్టేస్తాయంటే కుర్చీలోంచి లేవాలన్నా చేతులు ఊతం పెట్టుకోవాలి. 3,550 మెట్లు నడిచి దిగినందుకే ఇది. కొండల మీద మొదలుపెట్టి లోయలోకి 42 కిలోమీటర్లు పరుగెత్తుకుంటూ దిగే మారథాన్లు ఉన్నాయి, వాటిలో సగం దూరపు హాఫ్ మారథాన్లూ ఉన్నాయి. అమెరికా పడమటి రాష్ట్రాల్లో, అందులోనూ యూటాలో, వీటికి మంచి ఆదరణ. కనువిందైన దారి, పైగా పల్లం కాబట్టి సులువు, టైము తగ్గుతుంది అన్నది వాటికున్న పేరు. ఇందులో మొదటి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. రెండోది సగమే నిజం, ఆ మిగతా సగం తెలియక చాలామంది దెబ్బతింటున్నారు. దిగుడు పరుగు తేలిక పరుగు కాదు, వేరే పరుగు. దాని సాధన వేరు, దాన్ని ఎంచుకోవలసిన కారణమూ వేరు.

యూటా దక్షిణాన సెయింట్ జార్జ్ అనే ఎడారి పట్టణంలో 1977 నుంచి ఇలాంటి మారథాన్ ఒకటి జరుగుతోంది. అక్టోబరు మొదట్లో ఒక శనివారం, ఇంకా చీకటి ఉండగానే, రన్నర్లను బస్సుల్లో పైన్ వ్యాలీ కొండల దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ ఎత్తు దాదాపు 1,600 మీటర్లు. ఎడారి ప్రాంతపు తెల్లవారుజాము చలి ఎముకలు కొరుకుతుంది కనుక బయలుదేరే చోట వరుసగా నెగళ్ళు వేసి ఉంచుతారు. వేలమంది వాటి చుట్టూ చేరి చేతులు కాచుకుంటూ నిలబడతారు. పరుగు మొదలయ్యాక ఆకాశం మెల్లగా తెల్లబడుతుంది. పదకొండు కిలోమీటర్ల దగ్గర వేయో అనే చిన్న ఊరు, దాని పక్కనే ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం కుప్పపోసిన బొగ్గులా కనిపిస్తుంది. అక్కడ గట్టి ఎగువ ఒకటి ఉంది. దిగుడు పరుగని నమ్మి వచ్చినవారిని మొదట నిలదీసేది అదే. దాన్ని దాటి కొంత దూరం పోయాక దారి మళ్ళీ పల్లం పడుతుంది, స్నో కాన్యన్ ఎర్రరాతి కొండలు కనబడతాయి. పొద్దుటి ఎండ ఆ ఇసుకరాతి మీద పడితే కొంత ఎరుపు, కొంత తెలుపు, కొంత కుంకుమపువ్వు రంగు. పరుగు ముగిసేది పట్టణం మధ్యలో, సుమారు 800 మీటర్ల ఎత్తున. అంటే మొత్తం మీద 800 మీటర్లకు కాస్త తక్కువ దిగుడు. సాల్ట్ లేక్ సిటీ పక్కన బిగ్ కాటన్‌వుడ్ లోయలో జరిగే మారథాన్ అయితే 1,500 మీటర్లకు పైగా దిగుతుంది.

పల్లానికి శ్రమ తక్కువన్న మాట కొట్టిపారేయదగ్గది కాదు. ఆల్బెర్టో మినెట్టి, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన పరిశోధనలో కొండ పరుగు అలవాటున్నవారిని రకరకాల వాలుల్లో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, ఒంట్లో ఖర్చయ్యే శక్తిని కొలిచారు. చదును మీద ఒక కిలో బరువు ఒక మీటరు సాగడానికి 3.4 జౌళ్ళు పట్టింది. నూరు మీటర్లకు 20 మీటర్లు దిగే వాలులో అది 1.7 జౌళ్ళకు, అంటే సరిగ్గా సగానికి తగ్గింది. వాలు ఇంకా పెరిగితే మాత్రం ఖర్చు మళ్ళీ పెరిగింది. ఎందుకంటే అక్కడ ఒళ్ళు పరుగెత్తడం మాని, పడిపోకుండా ఆపుకునే పనిలో పడుతుంది. ఈ లెక్కంతా పీల్చిన ప్రాణవాయువును బట్టి వేసింది. గుండె, ఊపిరితిత్తుల కష్టాన్ని అది చెబుతుంది. తొడ కండరానికి ఏమవుతోందో ఈ లెక్కకు అందదు.

ఆ రెండో లెక్క తెలియాలంటే అటక మీది ఇత్తడి గంగాళాన్ని కిందికి దించడం గుర్తు చేసుకోవాలి. పైకెత్తేటప్పుడు చేతి కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దించేటప్పుడు అదే కండరం బరువు మోస్తూనే సాగాలి. వదిలేస్తే గంగాళం కాళ్ళ మీద పడుతుంది, బిగబట్టి ఉంచితే దిగదు. బిగిసి ఉంటూనే సాగడం కండరానికి అన్నిటికన్నా కఠినమైన పని. పల్లానికి పరుగెత్తేటప్పుడు అడుగడుగునా ముందు తొడ కండరాలు చేసేది ఇదే: పాదం నేలను తాకగానే మోకాలు వంగుతుంది, ఒంటి బరువంతా కిందికి దిగబోతుంది, తొడ సాగుతూ దాన్ని ఆపుతుంది. గాట్‌షాల్, క్రామ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2005లో చూపినదాన్ని బట్టి, 9 డిగ్రీల వాలులో దిగుతున్నప్పుడు పాదానికి నేల నుంచి తగిలే తొలి దెబ్బ చదునులో కంటే 54 శాతం, బ్రేకు వేసే బలం 73 శాతం పెరిగాయి. మారథాన్ దారులు సగటున అంత నిటారుగా ఉండవు, నిజమే. కానీ మారథాన్‌లో వేసే అడుగులు 30, 40 వేలు. ఒక్కో అడుగుకు పెరిగేది కొంచెమే అయినా కూడితే కొండంత అవుతుంది. కండరపు పోగుల్లో కంటికి కనబడని చిరుగులు పడతాయి, వాపు వస్తుంది, బలం తగ్గుతుంది. మర్నాటి నుంచి మూడో రోజు దాకా ఉండే నొప్పికి కారణం లాక్టిక్ ఆమ్లమని జిమ్ముల్లో ఇప్పటికీ చెబుతుంటారు. అది పరుగు ఆపిన గంట రెండు గంటల్లోనే రక్తంలోంచి పోతుంది. నొప్పి పుట్టేది ప్రధానంగా ఈ చిరుగుల నుంచి, వాపు నుంచి.

అందుకే దిగుడు మారథాన్‌లో ఓటమి వచ్చే తీరు వేరుగా ఉంటుంది. మొదటి 25 కిలోమీటర్లు గాలిలో తేలినట్టు సాగుతాయి, గడియారం చూసుకుంటే జీవితంలో ఎన్నడూ రాని టైము. ముప్ఫై దాటాక ఊపిరి బాగానే ఉంటుంది, గుండె నిబ్బరంగానే ఉంటుంది, తొడలు మాత్రం మాట వినవు. ఇది అనుభవం లేనివారికే వచ్చే ఇబ్బంది కాదు. దక్షిణాఫ్రికాలో 1921లో మొదలైన కామ్రేడ్స్ పరుగు దాదాపు 90 కిలోమీటర్లు. మామూలుగా ఒక ఏడు సముద్రతీరపు డర్బన్ నుంచి ఎగువనున్న పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కు, మరుసటి ఏడు అక్కడి నుంచి కిందికి జరుగుతుంది. ఎక్కేటప్పటి రికార్డు 2008లో లియొనిద్ ష్వెత్సోవ్‌ది, 5 గంటల 24 నిమిషాల 49 సెకన్లు. దిగేటప్పటిది 2023లో టెటె డిజానాది, 5 గంటల 13 నిమిషాల 58 సెకన్లు. ఏళ్ళు వేరు, దూరంలోనూ కాస్త తేడా ఉంటుంది కాబట్టి గట్టిగా పోల్చలేం. అయినా 600 మీటర్ల పల్లం ఆ స్థాయివారికి అయిదు గంటల పరుగులో కలిసివచ్చేలా చేసింది పదకొండు నిమిషాలే. బోస్టన్ మారథాన్ దారి కూడా మొత్తం మీద దాదాపు 140 మీటర్లు దిగుతుంది, మొదటి కిలోమీటర్లలోనే ఎక్కువగా. 32వ కిలోమీటరు దాటాక వచ్చే హార్ట్‌బ్రేక్ హిల్ చిన్న గుట్టే. అంతకుముందు దిగిన దారి తొడలను తినేసి ఉంటుంది కాబట్టే అది అంతమందిని కూలదోస్తోంది.

ఇక టైము సంగతి. బోస్టన్‌లో పరుగెత్తాలంటే చాలామంది వయసును బట్టి నిర్ణయించిన టైములో మరో మారథాన్ ముగించి చూపాలి. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు రన్నర్లలోనూ ఈ అర్హత కోసం ఏళ్ళతరబడి పాటుపడేవారు ఉన్నారు. ఆ అర్హతకు దగ్గరి దారిగా దిగుడు మారథాన్లు పేరుపడ్డాయి. ఇది చూసి బోస్టన్ అథ్లెటిక్ అసోసియేషన్ 2025లో కొత్త నియమం ప్రకటించింది. 2027 పరుగు నుంచి, మొత్తం దిగుడు 1,500 అడుగులు, అంటే 457 మీటర్లు, మొదలుకొని 3,000 అడుగుల లోపున్న దారిలో సాధించిన టైముకు 5 నిమిషాలు కలుపుతారు. 3,000 నుంచి 6,000 అడుగుల లోపు అయితే 10 నిమిషాలు. 6,000, ఆపైన దిగే దారుల టైము అసలు చెల్లదు. సెయింట్ జార్జ్ మొదటి తరగతిలోకి, బిగ్ కాటన్‌వుడ్ రెండో తరగతిలోకి వస్తాయి. బోస్టనే దిగుడు దారి, అది ఇతరులకు పన్ను వేయడమేమిటని కొందరు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు బోస్టన్ చరిత్రలోనే ఉంది. ప్రపంచ రికార్డుకు కిలోమీటరుకు ఒక మీటరుకు మించి దిగకూడదన్నది అంతర్జాతీయ నియమం, మొదలుకూ చివరకూ మధ్య దూరానికీ హద్దుంది. 2011లో జెఫ్రీ ముటాయ్ బోస్టన్‌లో 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో పరుగెత్తాడు. అప్పటికి ప్రపంచంలో ఎవరూ మారథాన్‌ను అంత వేగంగా ముగించలేదు, అయినా అది ప్రపంచ రికార్డు కాలేదు. ఆ నియమం బోస్టన్‌కూ వర్తించింది. తన దారికి ఎన్నో రెట్లు దిగే చోట వచ్చిన టైమును చదునులో వచ్చిన టైముతో సమానంగా చూడకపోవడం న్యాయమే. ఒళ్ళు పణంగా పెట్టి పరుగెత్తేవారికి బాధ కలగడం సహజం. కానీ అదే టైమును చదునులో చెమటోడ్చి సాధించి, ఒక్క నిమిషం తేడాతో చోటు పోగొట్టుకున్నవారి బాధ కూడా అంతే నిజమైనది.

మోకాళ్ళు అరిగిపోతాయన్న భయం మాత్రం అతిగా ఉంది. ఆరోగ్యం కోసం పరుగెత్తేవారిలో మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదల 3.5 శాతం మందిలో, కదలకుండా కూర్చునేవారిలో 10.2 శాతం మందిలో కనబడిందని 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణ తేల్చింది. పోటీల్లో పరుగెత్తే అగ్రశ్రేణివారిలో అది 13.3 శాతం. ఆ లెక్క పల్లపు పరుగుల కోసం వేసింది కాదు. ఏడాదికి ఒక కొండ దిగినందుకు కీళ్ళు పోతాయని చెప్పడానికి మాత్రం అందులో ఆధారం లేదు. భయపడవలసింది కండరం గురించి. అరుదుగానైనా, చిరిగిన కండరపు పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఉంది. పరుగు తరవాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తడం అసలే వద్దు.

మంచి కబురు ఏమిటంటే కండరం చాలా త్వరగా నేర్చుకుంటుంది. ఒక్కసారి దిగుడు దెబ్బ తిని కోలుకున్న తొడ, మళ్ళీ అదే పని చేసినప్పుడు చాలా తక్కువ నొచ్చుకుంటుంది. ఆ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. కాబట్టి వారానికో, పది రోజులకో ఒకసారి వాలులో దిగుతూ పరుగెత్తడం, మొదట రెండు కిలోమీటర్లు, తరవాత నాలుగు, ఆరు అని పెంచుకుంటూ పోవడం ఈ సాధనకు ప్రాణం. పోటీకి ముందు చివరి రెండు వారాలు దాన్ని ఆపేయాలి, చిరుగులు మానాలి కదా. ఎక్కడం మాత్రమే సాధన చేస్తే గుండె బలపడుతుంది, తొడ పాఠం నేర్చుకోదు. ఘాట్ రోడ్డులో మంచి డ్రైవరు బ్రేకు మీదే కాలు ఉంచడు, గేరు తగ్గించి దిగుతాడు. దిగేటప్పుడు అడుగు పొడుగు తగ్గించి వేగంగా వేయడం కూడా అలాంటిదే. వెనక్కి వాలి మడమ ముందుకు చాచి వేసే ప్రతి అడుగూ బ్రేకు తొక్కడమే. బూటులో వేళ్ళు ముందుకు జారి గోళ్ళు నల్లబడకుండా చీలమండ దగ్గర లేసు బిగించి కట్టాలి. ఎత్తులో గాలి పలచన, చలి, కింద ఎండ. సముద్రమట్టం నుంచి నేరుగా వెళ్ళేవారు ఒకటి రెండు రోజులు ముందే చేరుకోవడం మేలు.

పల్లపు దారిని గడియారం కోసం ఎంచుకుంటే, కలిసివచ్చిన టైమును బోస్టన్ నియమం ఇప్పుడు వెనక్కి లాగేసుకుంటుంది. కొండ మీంచి లోయలోకి తెల్లవారుతుండగా దిగే ఆ దారి కోసం ఎంచుకుంటే దానికి ఎవరూ నిమిషాలు కలపలేరు. మీకు వెళ్ళాలని ఉంటే మొదటిసారి హాఫ్‌తో సరిపెట్టుకోండి, మూడు నెలల ముందే వారానికోసారి ఏదో ఒక వాలు వెతుక్కుని దిగడం మొదలుపెట్టండి. ఆ సాధనకు వీలు కాకపోతే ఆ ఏడాది చదునైన పరుగుకే పేరివ్వండి.