మీకు తెలుసా? రెండో శ్రేణిలో పద్దెనిమిదో జట్టు, దేశానికి విజేత!

జపాన్ రెండో శ్రేణి ఫుట్‌బాల్ లీగ్ జె2లో 2022 సీజన్‌ను 22 జట్లలో 18వ స్థానంలో ముగించిన వెంట్‌ఫోరెట్ కోఫు, అదే ఏడాది దేశంలోకెల్లా పాత నాకౌట్ టోర్నీ ఎంపరర్స్ కప్‌ను గెలుచుకుంది!

దారిలో ఓడించినవన్నీ చిన్నాచితకా జట్లేమీ కావు. సెమీస్‌లో కషిమా ఆంట్లర్స్, ఫైనల్లో సాన్‌ఫ్రెచే హిరోషిమా, రెండూ మొదటి శ్రేణి జట్లే.

అక్టోబర్ 16న యోకొహామాలో జరిగిన ఆ ఫైనల్‌ను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. స్కోరు 1-1. అదనపు సమయం ముగియవస్తుండగా బంతి కోఫు డిఫెండర్ హిడెయోమి యమమోటో చేతికి తగిలి, హిరోషిమాకు పెనాల్టీ దక్కింది. రెండు దశాబ్దాలుగా అదే క్లబ్‌కు ఆడుతున్న 42 ఏళ్ల మనిషి! కప్పు తన చేతి మీదుగానే జారిపోయేలా ఉంది. గోల్‌కీపర్ కోహెయి కవాటా ఆ కిక్‌ను ఆపేశాడు. తర్వాత షూటౌట్‌లో కోఫు తరఫున అయిదో కిక్‌కు వచ్చింది యమమోటోనే. బంతి వలలో పడింది. 5-4తో కప్పు కోఫుదే.

ఆ గెలుపుతో కోఫుకు ఆసియా చాంపియన్స్ లీగ్‌లో చోటు దొరికింది. సొంత మైదానం ఆసియా సమాఖ్య ప్రమాణాలకు సరిపోక, 'హోమ్' మ్యాచ్‌లను టోక్యో జాతీయ స్టేడియంలో ఆడింది. అయినా 2023లో తన గ్రూపులో మొదటి స్థానంలో నిలిచి నాకౌట్‌కు చేరింది. అప్పటికీ అది జె2 జట్టే.