సైనిక మ్యూజియంలో పెళ్ళి విందు: తగ్గే ఖర్చు, పెరిగే ఖర్చు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న సామెతలోని బరువు సరిహద్దు గ్రామాల కుటుంబాలకు కొత్త కాదు. హొసూరు, బళ్ళారి, పర్లాకిమిడి, యానాం వంటి ప్రాంతాల తెలుగు కుటుంబాలలో అమెరికా, బ్రిటన్ దేశాలలో స్థిరపడిన పిల్లలు కలవారూ ఉన్నారు. ముహూర్తం స్వగ్రామంలోనే జరిగినా, అక్కడి మిత్రులకూ సహోద్యోగులకూ వేరుగా ఒక చిన్న విందు ఇవ్వవలసి వస్తుంది. హోటల్ హాలు అద్దె భారమని తోచినప్పుడు ఆ దేశాలలో కొందరు సైనిక మ్యూజియంను ఎంచుకొంటారు. ఈ మాట తొలిసారి విన్న పెద్దలకు రెండు సందేహాలు కలుగుతాయి. ఆయుధాల నడుమ శుభకార్యమా? అది నిజంగా చౌకేనా?

విశాఖపట్నం సముద్రతీరంలో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామిని చూసినవారికి ఇటువంటి స్థలాలు ఎలా ఉంటాయో కొంత తెలుసు. ఇంగ్లాండులోని పోర్ట్స్‌మత్‌లో 1860లో జలప్రవేశం చేసిన వారియర్ అనే ఇనుప యుద్ధనౌక ఉన్నది. దాని ఫిరంగుల అంతస్తులో, ఒకప్పుడు నావికులు భోజనం చేసిన చోటనే నేడు విందులు జరుగుతాయి. అమెరికాలోని శాన్ డియాగోలో మిడ్‌వే అనే విమానవాహక నౌక 1945 నుంచి 1992 వరకు సేవలో ఉండి, 2004లో మ్యూజియంగా మారినది. 1975 ఏప్రిల్ చివరి రోజులలో సైగాన్ నుంచి తరలివచ్చిన మూడు వేలమందికి పైగా శరణార్థులకు ఆశ్రయమిచ్చినది ఈ నౌకే. పిల్లాపాపలతో వచ్చిన కుటుంబాలను కాపాడిన చోటు శుభకార్యానికి తగదని అనడం కష్టం. మొదటి సందేహానికి కొంత సమాధానం ఇక్కడే దొరుకుతుంది.

పాత ఓడలకు తుప్పు, పాత విమానాలకు తేమ నిత్యశత్రువులు. వాటి సంరక్షణకు టిక్కెట్టు డబ్బు ఒక్కటే చాలదు గనుక, సందర్శకులు వెళ్ళిపోయిన తరువాత గదులను అద్దెకిచ్చి నిర్వాహకులు ఆదాయం సమకూర్చుకొంటారు.

ఇక ఖర్చు సంగతి. తగ్గేది ముఖ్యంగా అలంకరణలో. విమానం రెక్క నీడలోనో, ఓడ తెరచాప కొయ్య పక్కనో బల్లలు వేస్తే వేదికకు పూలతెరలు అవసరం కావు. అతిథులకు కాలక్షేపం వేరుగా ఏర్పాటు చేయనక్కరలేదు. ప్రదర్శనలే ఆ పని చేస్తాయి. అయితే ప్రసిద్ధ నౌకలు చిన్న బడ్జెట్టుకు అందకపోవచ్చు. చిన్న పట్టణాలలో స్వచ్ఛంద సేవకులు నడిపే రెజిమెంటు మ్యూజియంలలో ఉపన్యాస గది వంటిది యాభైమందికి సరిపోతే అదే మేలు. శనివారం కన్నా పనిదినం, వేసవి కన్నా చలికాలం సాధారణంగా చౌక.

పెరిగే ఖర్చులు అద్దె కాగితంలో మొదట కనబడవు. బల్లలు, కుర్చీలు అద్దెలో చేరాయా? బయటి వంటవారిని అనుమతిస్తారా, లేక వారి జాబితాలోనివారినే పిలవాలా? బీమా, కాపలా, శుభ్రత ఎవరి బాధ్యత? గడువు దాటితే గంటకెంత? మ్యూజియం మూసిన తరువాతనే సామాను లోపలికి రానిస్తారు గనుక సర్దుకొనే వ్యవధి కూడా తక్కువ. ఈ ప్రశ్నలకు సమాధానాలు రాతపూర్వకంగా తీసుకొన్న తరువాతనే బయానా చెల్లించాలి.

నిబంధనలు కఠినంగా ఉండడానికి కారణమున్నది. నిప్పు, పొగ, తేమ, పురుగు పాత వస్త్రాలకూ కాగితాలకూ చేటు చేస్తాయి. అందువల్ల హోమానికీ దీపారాధనకూ అనుమతి దొరకడం అరుదు. పసుపు అక్షతలు, కుంకుమ, విడిపూలు చల్లడానికీ అభ్యంతరం ఉండవచ్చు. మంగళసూత్రధారణ, తలంబ్రాలు ఊరిలోనో దేవాలయంలోనో ముగించుకొని, మ్యూజియంలో విందు మాత్రమే పెట్టుకోవడం ఉత్తమం. ఇంగ్లాండులో చట్టబద్ధమైన పౌరవివాహం ఆమోదం పొందిన స్థలంలోనే జరగాలి. కనీసం 28 పూర్తి రోజుల వ్యవధి ఉండేలా ముందే నోటీసు ఇవ్వాలి. అందులో మతపరమైన తంతు కూడదు. కేవలం విందుకు ఈ నిబంధనలు వర్తించవు.

ఊరి నుంచి వెళ్ళే పెద్దల సౌకర్యం మరువరాదు. ఓడలలో మెట్లు నిటారుగా, గుమ్మాలు ఎత్తుగా ఉంటాయి. పట్టుచీరతో, మోకాళ్ళ నొప్పితో ఎక్కడం ప్రయాస. లిఫ్టు ఎక్కడి వరకు వెళుతుందో ముందే అడగాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది మర్యాద. ఇటువంటి చోట్ల యుద్ధంలో మరణించినవారి పేర్లు చెక్కిన ఫలకాలు ఉంటాయి. వాటి దగ్గర బల్లలు వేయకుండా, డప్పు మోత దూరంగా ఉంచి, ఫొటోల కోసం ఫిరంగులెక్కకుండా చూడడం విందు ఇచ్చేవారి బాధ్యత. భోజనాలకు ముందు అతిథులందరూ నిమిషంపాటు మౌనంగా నిలబడితే దానికి ఖర్చేమీ లేదు. అప్పు చేయకుండా, నలుగురిని తృప్తిపరచి, ఆ స్థలం గౌరవం నిలిపిన విందు చిన్నదైనా నిండుగానే ఉంటుంది.