ఎండాకాలం జిమ్ మానేస్తున్నారా? సగం చేయండి, చాలు

జనవరిలో ఏడాది ఫీజు ఒకేసారి కట్టేశారు. కొత్త బూట్లు కొన్నారు. ఫిబ్రవరి దాకా వారానికి ఐదు రోజులు వెళ్లారు. ఉగాది దాటింది, ఎండలు ముదిరాయి. ఇప్పుడు ఆ జిమ్ బ్యాగు తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. ‘నాలుగు వానలు పడనీ, మళ్లీ మొదలుపెడదాం’ అని మీకు మీరే సర్దిచెప్పుకుంటున్నారు. మీరొక్కరే కాదు. మదనపల్లెలోనైనా, పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా జనవరిలో ట్రెడ్‌మిల్ కోసం వరసలో నిలబడ్డవాళ్లకు మే నెలలో ఆ ఇబ్బంది ఉండదు!

ఇలా మానేసినవాళ్లలో చాలామంది తమను తామే తిట్టుకుంటారు. బద్ధకం పెరిగిందనీ, పట్టుదల లేదనీ అనుకుంటారు. నిజానికి తప్పు పట్టుదలది కాదు, లెక్కది. జనవరిలో చేసినంత వ్యాయామం మే నెలలోనూ చేయమని ఒంటిని అడుగుతున్నారు. అది మొరాయిస్తోంది.

ఒంట్లో జరిగేది ఇదీ

కండరం పనిచేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో దాదాపు నాలుగో వంతే కదలికగా మారుతుంది. మిగతాదంతా వేడి. ఆ వేడిని బయటికి పంపాలంటే రక్తం చర్మం దగ్గరికి రావాలి, చెమట పట్టాలి, ఆ చెమట ఆరాలి. కండరాలకూ రక్తం కావాలి, చర్మానికీ కావాలి. ఉన్న రక్తంతోనే రెండు పనులూ చేయడానికి గుండె మరింత వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. చెమట పోయేకొద్దీ రక్తంలో నీటి భాగం తగ్గి ఆ భారం ఇంకా పెరుగుతుంది. అందుకే చలికాలంలో హాయిగా పరిగెత్తిన వేగంతోనే ఇప్పుడు పరిగెత్తినా ఆయాసం వస్తుంది. ‘నాలో శక్తి తగ్గిపోయింది’ అనిపిస్తుంది. తగ్గలేదు. అంతే దూరం పరిగెత్తడానికి ఒళ్లు ఎక్కువ పనిచేస్తోంది, అంతే.

దీనికి ఒళ్లే ఒక ఉపాయం చూసుకుంటుంది. రోజూ కాసేపు వేడిలో శ్రమిస్తుంటే వారం నుంచి రెండు వారాల్లో శరీరం సర్దుకుంటుంది. రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది, గుండె వేగం కాస్త నెమ్మదిస్తుంది. కాకపోతే ఇది నిలవ ఉండే సొత్తు కాదు. రెండు మూడు వారాలు దూరమైతే చాలావరకు పోతుంది. వారానికి ఒకసారి ఊపొచ్చినప్పుడు వెళ్లి గంటన్నర కష్టపడేవాళ్లకు ప్రతిసారీ మొదటి రోజులాగే ఉండటానికి కారణమిదే. పూర్తిగా ఏసీ జిమ్‌లోనే చేసేవాళ్లకు ఈ అలవాటు పెద్దగా రాదు. వాళ్లు ఒక ఆదివారం ఎండలో క్రికెట్ ఆడితే తెలుస్తుంది తేడా!

ఎంత తగ్గించవచ్చు?

వేసవి మూడు నెలలూ మీరు కొత్తగా సాధించాల్సిందేమీ లేదు. ఉన్నదాన్ని నిలబెట్టుకుంటే చాలు. దానికి కావాల్సిన శ్రమ మీరు అనుకున్నదానికంటే చాలా తక్కువ.

2011లో అమెరికా పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరితో 16 వారాలపాటు బరువులు ఎత్తించి, తర్వాత ఆ పనిని బాగా తగ్గించారు. 20-35 ఏళ్లవాళ్లు మొదట్లో చేసినదాంట్లో తొమ్మిదో వంతే చేసినా, మరో 32 వారాలపాటు వాళ్ల కండ, బలం దాదాపు నిలిచాయి. 60 దాటినవాళ్లలో బలం నిలిచింది కానీ కండ పరిమాణం నిలవడానికి అది సరిపోలేదు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు మరీ తగ్గించకూడదు. దమ్ము విషయంలోనూ ఇలాంటిదే తేలింది. వారానికి ఆరు రోజులు చేసేవాళ్లు రెండు రోజులకు తగ్గించినా, ఆ రెండు రోజుల్లో తీవ్రత తగ్గించకపోతే కొన్ని వారాలపాటు దమ్ము పెద్దగా పడిపోలేదు.

దీన్ని మన వేసవికి అన్వయించుకుంటే, వారానికి రెండు మూడు రోజులు, రోజుకు అరగంట. బరువు ఎంతెత్తుతున్నారో అంతే ఉంచి సెట్ల సంఖ్య తగ్గించండి. సెట్టుకీ సెట్టుకీ మధ్య ఇంకో నిమిషం ఆగండి. ట్రెడ్‌మిల్ మీద మాత్రం వేగం పట్టించుకోవద్దు. పక్కవాళ్లతో మాట్లాడగలుగుతూ, పాట పాడలేనంత ఆయాసంతో చేస్తున్నారా? సరిపోయింది.

మధుమేహం ఉంటే ఇంకో మాట. ఒకరోజు చేసిన వ్యాయామం ఇన్సులిన్ పనితీరుకు ఇచ్చే ఊతం ఒకటి నుంచి మూడు రోజులే ఉంటుంది. అందుకే వరసగా రెండు రోజులకు మించి విరామం వద్దని వైద్యులు చెబుతారు. ‘జూన్‌లో చూద్దాం’ అని రెండు నెలలు ఆగితే షుగర్ రీడింగ్ ఆగదు కదా.

మన ఊళ్లకున్న వరం

ఈ మూడు ఊళ్లూ సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది. ఆ లెక్కన తిరుపతి కంటే మనకు మూడు నాలుగు డిగ్రీలు తగ్గాలి. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర ఎండాకాలానికి మదనపల్లె పక్కన కొండమీద బంగళా కట్టుకున్నదీ, వందేళ్లకు ముందే క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం శానిటోరియం ఇక్కడ వెలిసిందీ ఈ వాతావరణాన్ని చూసే.

పగలు ఎండ మండినా, తెల్లవారుజామున మన పీఠభూమి మీద గాలి చల్లగానే ఉంటుంది. మే నెలలో సూర్యోదయం ఆరు గంటలకు పది పన్నెండు నిమిషాల ముందే అవుతుంది. ఐదున్నర నుంచి ఏడు లోపు పని ముగించుకోగలిగితే సగం సమస్య తీరినట్టే. సాయంత్రం ఆరు కూడా చల్లటి వేళేనని చాలామంది పొరపడతారు. మేడమీద రేకుల కింద ఉన్న జిమ్‌లో పగలంతా కాగిన గోడలు, రేకులు అప్పుడే వేడి కక్కుతుంటాయి. సాయంత్రమే వీలైతే ఏడున్నర తర్వాత వెళ్లండి.

అందరికీ తెల్లవారుజాము ఖాళీ ఉండదు. మదనపల్లె టమాటా మార్కెట్‌తో ముడిపడినవాళ్లకు అది పనివేళ. కుప్పం నుంచి బెంగళూరుకు రైల్లో వెళ్లొచ్చేవాళ్లకు పరుగుల వేళ. వాళ్లు వారంలో ఒకరోజు రాత్రి, ఆదివారం ఉదయం జిమ్ పెట్టుకుని, మిగతా రోజుల్లో ఇంట్లోనే పదిహేను నిమిషాలు గుంజీళ్లు, దండీలు చేసుకోవచ్చు.

పొద్దున్నే లేవలేకపోవడానికి ఎండ కంటే పెద్ద కారణం ఇంకొకటుంది. ఐపీఎల్! ఏడున్నరకు మొదలైన మ్యాచ్ పదకొండున్నరకు గానీ అయిపోదు. ఆ తర్వాత పడుకుని ఐదింటికి లేవాలంటే ఎవరి తరమూ కాదు. జిమ్ ఉన్న రోజుల ముందు రాత్రి రెండో ఇన్నింగ్స్ వదులుకోగలరేమో చూడండి. (రాస్తున్నంత తేలిక కాదని ఈ వ్యాసకర్తకూ తెలుసు.)

ఫీజు కడితే ఊపు రాదు

డబ్బు పోతుందన్న భయంతోనైనా వెళ్తామనుకుని ఏడాది ఫీజు కడతాం. ఆ లెక్క తప్పుతుందని అమెరికాలో మూడు జిమ్‌ల సభ్యుల హాజరు పరిశీలించి 2006లో ఇద్దరు ఆర్థికవేత్తలు తేల్చారు. పదేసి డాలర్ల లెక్కన ఏ రోజుకారోజు చెల్లించే వీలున్నా చాలామంది నెలవారీ సభ్యత్వం తీసుకున్నారు. వాళ్లు వెళ్లిన రోజులతో భాగిస్తే ఒక్కో రోజుకీ 17 డాలర్లకు పైగా పడింది!

మరి ఏది పనిచేస్తుంది? 2002లో బ్రిటన్‌లో 248 మంది విద్యార్థుల మీద చేసిన పరీక్ష చూడండి. వ్యాయామం ఎందుకు మంచిదో కొందరికి బాగా వివరించారు. ఇంకొందరితో ఆ వివరణతోపాటు ‘ఫలానా రోజు, ఫలానా వేళకు, ఫలానా చోట చేస్తాను’ అని రాయించారు. వివరణ మాత్రమే విన్నవాళ్లలో 35 శాతం మంది చేస్తే, రాసినవాళ్లలో 91 శాతం మంది చేశారు. కాబట్టి ‘రేపటి నుంచి వెళ్తా’ అనకండి. ‘మంగళ, గురు, శనివారాల్లో పాల ప్యాకెట్ తెచ్చి పెట్టగానే, ఐదు ముప్పావుకి’ అని క్యాలెండరు మీద రాయండి.

వేసవి అంటే పెళ్లిళ్లు, సెలవులకు వచ్చిన చుట్టాలు, జాతరలు. మే నెలలో కుప్పం గంగమ్మ జాతరకు ఊరంతా కదిలితే జిమ్ గుర్తుంటుందా? ఉండక్కర్లేదు కూడా. లండన్‌ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో చెప్పిందేంటంటే, కొత్త అలవాటు కుదురుకోవడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మధ్యలో ఒకరోజు తప్పినా దానికి పెద్దగా నష్టం లేదు. తప్పిన రోజుకి పరిహారంగా మర్నాడు రెట్టింపు చేయాలనుకోవడమే చేటు.

పిల్లలకు సెలవులిచ్చాక ఇంట్లో అమ్మకు పని రెట్టింపవుతుంది. దేశంలో మహిళల్లో 57 శాతం మందికి, పురుషుల్లో 42 శాతం మందికి తగినంత శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా. ఆవిడకు కావాల్సింది స్ఫూర్తి పాఠాలు కాదు, పొద్దున ముప్పావు గంట. ఆ మూడు రోజులూ టిఫిన్ పని మరొకరు అందుకోవాలి.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

మన గాలి పొడిగా ఉండటంతో చెమట పట్టగానే ఆరిపోతుంది. ఎంత నీరు పోయిందో తెలియదు. ఒకరోజు వ్యాయామానికి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు నీరు పోయినట్టు. ఆ తర్వాత రెండు మూడు గంటల్లో లీటరుంపావు దాకా కొద్దికొద్దిగా తాగాలి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, మజ్జిగ కలిపిన రాగి అంబలి దీనికి చక్కగా సరిపోతాయి. గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు నీళ్లూ ఉప్పూ ఎంతన్నది డాక్టరునే అడగాలి.

బీపీకి డైయూరెటిక్ మాత్రలు వేసుకునేవాళ్లలో నీరు త్వరగా తగ్గుతుంది. బీటా బ్లాకర్లు వేసుకుంటే గుండె వేగం పెరగదు కాబట్టి చేతి వాచీ చూపే అంకెను నమ్ముకోవద్దు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు వేడికి మందు త్వరగా ఒంటికి పట్టి షుగర్ పడిపోవచ్చు. మాత్రలు సొంతంగా మానకండి, వేసవి మొదట్లోనే డాక్టరుతో మాట్లాడండి.

బరువు తగ్గాలని రబ్బరు జాకెట్ వేసుకుని పరిగెత్తేవాళ్లు జిమ్‌లో కనిపిస్తే ఆపండి. పోయేది కొవ్వు కాదు, నీరు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇలా త్వరగా బరువు దించుకునే ప్రయత్నంలో సుమారు నెల రోజుల వ్యవధిలో చనిపోయారు. అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఆ తర్వాత రబ్బరు సూట్లను నిషేధించింది.

తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం, కళ్లు తిరగడం వస్తే ఆ రోజుకి అక్కడితో ఆపేయండి. పక్కన చేస్తున్నవాళ్లు మాట తడబడుతున్నా, తికమకగా ప్రవర్తిస్తున్నా, కుప్పకూలినా వడదెబ్బేమోనని అనుమానించాలి. వ్యాయామంలో వచ్చే వడదెబ్బకు ఒళ్లు చెమటతో తడిసే ఉండొచ్చు, ‘చెమట పడుతోందిగా, ఏం కాదు’ అనుకోవద్దు. 108కి ఫోన్ చేస్తూనే నీడలోకి చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ ఫ్యాను కింద ఉంచాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇప్పటికే నెల రోజులుగా వెళ్లకపోతే రేపు పాత బరువులో సగంతో ఇరవై నిమిషాలు చేసి వచ్చేయండి. మొదటి వారమంతా అంతే. బ్యాగు ఈ రాత్రే మేకు మీంచి తీసి, నీళ్ల సీసా నింపి అందులో పెట్టండి.